మూడు పలకల గుండె

మా అన్నయ్య గుండె ఎన్ని సీసీ అన్న తగవు ఆపరేషన్ బల్ల మీద కూడా తెగలేదు.

మత్తుసూది సిద్ధం చేస్తున్నారు. అన్నయ్య నోరు మాత్రం ఆగడం లేదు. ఆకుపచ్చ గౌను తొడుక్కుని తలదగ్గర నిలబడ్డ నన్ను చూసి, "నాంచారీ, డాక్టరు గారికి సరిగ్గా చెప్పు. నూటయాభై. నువ్వు అందరికీ చెప్పుకుంటున్న యాభై కాదు," అన్నాడు.

"ఇంక ఊరుకో అన్నయ్యా. కాసేపట్లో నీ పాత గుండె పళ్ళెంలో ఉంటుంది. ఇప్పుడు కూడా అదే గోలా?"

"ఎవరి గుండె? నాది. నా బండి కెపాసిటీ నాకు తెలియొద్దా?"

డాక్టర్ షఫీ చేతులకి తొడుగులు వేసుకుంటూ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. రోగి, ఇంజనీరు ఇలా కొట్టుకోవడం ఆయన ఎక్కడా చూసి ఉండరు. "మేడమ్, నాకు ఒక్క అంకె చాలు. ఒక్కసారి కొట్టుకుంటే ఒంట్లోకి ఎంత రక్తం వెళ్తుంది?" అని అడిగారు.

"యాభై సీసీ," అన్నాను.

"మూడు యాభైలు," అని అన్నయ్య ఆ మాట మీదే మత్తులోకి జారిపోయాడు. నాకు జవాబు చెప్పే సందు కూడా ఇవ్వలేదు. చిన్నప్పట్నుంచీ ఇంతే, చివరి మాట తనదే కావాలి.

నా పేరు నాంచారమ్మ. ఇంజన్లు నా చదువు, కృత్రిమ గుండెలు నా ఉద్యోగం. మా అన్నయ్య గోపయ్యకి విజయవాడ ఆటోనగర్లో లారీ ఇంజన్లు విప్పి బిగించే షెడ్డు ఉంది. మాటలో గానీ పనిలో గానీ తగ్గే మనిషి కాదు. నేనూ తగ్గను. అందుకే ఈ తగవు ఇన్నేళ్ళు బతికి బట్టకట్టింది. అది పుట్టింది కూడా ఆ షెడ్డులోనే.

అప్పట్లో షెడ్డు మా నాన్నది. ఓడరేవులో వేలం వేసిన తుక్కులోంచి ఆయన ఒక విదేశీ కారు ఇంజన్ కొనుక్కొచ్చాడు. దాన్ని బల్ల మీద పెట్టి విప్పితే అన్నయ్యా నేనూ లోపలికి తొంగి చూశాం. పిస్టన్ లేదు. సిలిండర్ లేదు. వేరుశనక్కాయలా నడుము నొక్కుకున్న ఒక ఇనప డొల్ల, అందులో పక్కలు ఉబ్బిన మూడు పలకల ఇనప దిమ్మ, అదే రోటరు. దాని మధ్యలో ఇరుసులా ఉన్న షాఫ్టుని తిప్పితే రోటరు మూడు మూలలతో గోడని రాసుకుంటూ దొర్లుతుంది. మూలకీ మూలకీ మధ్య ఒక గది చొప్పున మూడు గదులు. దొర్లేకొద్దీ ప్రతి గదీ ఉబ్బుతుంది, నొక్కుకుంటుంది. ఉబ్బినప్పుడు గాలి మింగుతుంది.

"ఇది ఎన్ని సీసీ నాన్నా?" అని అడిగింది నేనే. ఆ ప్రశ్న అడగకపోయినా బాగుండేది.

పిస్టన్ బండికైతే అది ప్రశ్నే కాదు. పిస్టన్ కింద నుంచి పైదాకా కదిలినప్పుడు ఎంత చోటు ఊడుస్తుందో కొలిచి, ఎన్ని సిలిండర్లుంటే అన్నింతలు చేస్తే సరి. దీనికి నాన్న సిరంజితో కిరోసిన్ పోసి కొలిచాడు. గది బాగా ఉబ్బినప్పుడు ఎంత పట్టిందో, బాగా నొక్కుకున్నప్పుడు ఎంత పట్టిందో చూసి తేడా తీశాడు. ఆరువందల యాభై వచ్చింది. ఇంజన్ మీది బిళ్ళలో రాసిందీ అదే.

"ఇదెక్కడి న్యాయం నాన్నా?" అన్నాడు అన్నయ్య. "ఒక్క గదినే కొలిచావేంటి? నాలుగు సిలిండర్ల బండికి ఒక్క సిలిండరు కొలిచి ఊరుకుంటామా? మూడు గదులు కలిపితే పందొమ్మిది వందల యాభై."

"బిళ్ళ మీద ఆరువందల యాభై అని ఉంటే నీకేంటి నొప్పి?" అన్నాను నేను.

నాన్న ఎవరి పక్షమూ పట్టలేదు. ఒకవైపు మూత తీసేసి, దాని బదులు గాజులా లోపల కనిపించే మందపాటి పలక బిగించాడు. రోటరు ఒక మూలకి సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. అన్నయ్య బలమైనవాడు కాబట్టి పానా చేతికిచ్చి షాఫ్టు తిప్పమన్నాడు. నన్ను గాలి లోపలికి పోయే రంధ్రం మీద అరచెయ్యి ఆనించమన్నాడు.

అన్నయ్య తిప్పుతున్నాడు. లోపల్నుంచి ఎవరో నోటితో పీల్చినట్టు నా అరచేతి చర్మం గుంజుకుంది, వదిలింది. మళ్ళీ గుంజింది. నాకు నవ్వాగలేదు. పానా ఒక్క చుట్టు తిరిగితే ఒక్క గుక్క. ఇంకో చుట్టు తిరిగితే ఇంకో గుక్క.

"ఇప్పుడు ఆ లారీ ఇంజన్ వంక చూడండి," అన్నాడు నాన్న. "దాని పిస్టన్ రెండు చుట్లకోసారి గాలి తాగుతుంది. ఒక చుట్టు తాగి నొక్కడానికి, ఇంకో చుట్టు మండి పొగ ఊదడానికి. ఇదేమో చుట్టుకో గుక్క తాగుతోంది. అందుకని గది ఆరువందల యాభైదే అయినా, పిస్టన్ బండి పక్కన నిలబెట్టినప్పుడు దీన్ని పదమూడు వందలుగా చూడాలి. రోటరు పూర్తిగా ఒక చుట్టు రావాలంటే షాఫ్టు మూడు చుట్లు తిరగాలి. అప్పుడు మీ అన్నయ్య చెప్పిన మూడు గదులూ నిండుతాయి. ముందు దేని చుట్టు లెక్కపెడుతున్నావో చెప్పు. ఆ తర్వాత అంకె చెప్పు."

నేను విన్నాను. అన్నయ్య వినలేదు. ఆయన చూపంతా సుద్దగుర్తు మీదే ఉంది. అది తిరిగి మొదటి చోటికి రాగానే పానా వదిలేసి, "చూశారా, గుర్తు ఒక్కసారి తిరిగొచ్చేసరికి మూడు నిండాయి. మూడు!" అని కేక పెట్టాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్న సామెత మా అన్నయ్యని చూశాకే పుట్టి ఉంటుంది.

ఆ ఇంజనే ఇప్పుడు అన్నయ్య ఛాతీలో ఉంది. అదే ఆకారం, పిడికిలంత పరిమాణం.

గుండె అంటే అందరూ సంచిలాంటి పంపులే చేస్తున్నారు. నొక్కితే రక్తం పోతుంది, వదిలితే వస్తుంది. పిస్టన్ బుద్ధి. నేను వేరుశనక్కాయ డొల్ల తీసుకున్నాను. రోటరు తిరుగుతుంటే ఒక్కో గది ఒకవైపు ఒంట్లోంచి వచ్చిన చెడు రక్తాన్ని మింగి ఊపిరితిత్తులకి పంపుతుంది. మరోవైపుకి వచ్చాక ఊపిరితిత్తుల నుంచి మంచి రక్తం మింగి ఒంట్లోకి పంపుతుంది. అసలు గుండె రెండు భాగాల్లో చేసే పని ఒక్క రోటరు చేసేస్తుంది. ఇంతవరకూ తేలికే. చిక్కంతా మూలల దగ్గర వచ్చింది. ఇనప మూలలు గోడని రాసుకుంటే రక్తకణాలు నలిగిపోతాయి. దానికి మా ల్యాబ్‌లో ఒక మందు కనిపెట్టాం. రోగి చర్మంలోంచి కణాలు తీసి, వాటితో మూడు మూలలకీ మూడు మెత్తని పెదవులు పెంచాం. అవి బతికున్న పెదవులు. అరిగితే మళ్ళీ పెరుగుతాయి. నాకు తెలిసి లోకంలో ఇంకెవరూ ఆ పని చెయ్యలేదు. నా గురించి నేను ఇంతకంటే తక్కువ చెప్పుకోను.

అన్నయ్య గుండె కండరం సడలిపోయి, మెట్లెక్కలేని స్థితి వచ్చాక ఒకరోజు వదినతో కలిసి ల్యాబ్‌కి వచ్చాడు. బల్ల మీద గుండె ఎర్రరంగు నీళ్ళు తోడుతోంది. దానికి తగిలించిన చిన్న పెట్టె మీద, నిమిషానికి ఎన్ని చుట్లో చెప్పే అంకె తొంభై. దాని పక్కన ఒక చుక్క మినుకు మినుకుమంటోంది.

"ఒక గదికి యాభై సీసీయా?" అని అడిగాడు.

"యాభై."

"అంటే నూటయాభై. తొంభై మీద నడిపితే నిమిషానికి పదమూడున్నర లీటర్లు. మనిషికి ఐదు చాలు కదే! ఆటోకి లారీ ఇంజన్ బిగించావు. ఎప్పుడూ ఇంతే నువ్వు, భయస్తురాలివి."

"యాభై అంటే యాభైయే. నిమిషానికి నాలుగున్నర లీటర్లు. నువ్వు పడుకుని లేవడానికి సరిపోతుంది," అన్నాను.

"నీ మొహం!"

"నీ మొహం!"

వదిన సామ్రాజ్యం ఇద్దరికీ మజ్జిగ గ్లాసులు అందించి, "మీ నాన్నగారు పోయినా మీ తగవు పోలేదమ్మా," అంది. ఆ అంకె లోపలి షాఫ్టు చుట్లదని నేను చెప్పలేదు. అది రోటరు చుట్లదా అని అన్నయ్య అడగలేదు. మా ఇంట్లో ఎవరి అంకె వాళ్ళు అరవడమే గానీ, నాన్న చెప్పిన ఆ ముందు ప్రశ్న అడిగే ఓపిక ఎవరికీ ఉండదు.

ఆపరేషన్ నల్లేరు మీద బండి నడకలా సాగింది. అన్నయ్య కళ్ళు తెరిచి మొదట అడిగింది, "స్టార్టింగ్ ట్రబుల్ ఏం ఇవ్వలేదు కదా?" అని. ఐసీయూలో నర్సులు పగలబడి నవ్వారు. నేను మాత్రం బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను.

ఇంటికి పంపేటప్పుడు నడుముకి బెల్టు కట్టాం. దానికి బ్యాటరీ, చిన్న పెట్టె, పెట్టె మీద ఒక నాబ్. గుండె వేగాన్ని దానంతటదే పెంచి తగ్గించే తెలివి కూడా నేను తయారుచేశాను గానీ, అనుమతులిచ్చేవాళ్ళు మొదటి రోగికి వద్దన్నారు. మెట్లెక్కేటప్పుడు నాబ్ పైకి, దిగాక కిందికి, రోగే తిప్పుకోవాలి. కిందికి మరీ తిప్పి గుండె ఆగిపోకుండా ముప్పై ఐదు దగ్గర ఒక అడ్డు పెట్టాను. ఆ పెట్టె పాత లెక్కలు గుర్తుపెట్టుకోదు, ఆసుపత్రిలో పెద్ద యంత్రానికి తగిలించినా అప్పుడు ఉన్న అంకె మాత్రమే చూపిస్తుంది. వారానికోసారి వచ్చి చూపించుకోమన్నాం.

ఆ ఏర్పాటు ఖరీదు మాకు మెల్లగా తెలిసింది.

అన్నయ్య షెడ్డుకి వెళ్ళడం మొదలుపెట్టిన వారంలోనే, చచ్చిందనుకున్న ఒక లారీ ఇంజన్ ఆయన చేతిలో ఒక్క దెబ్బకి లేచి గర్జించిందట. పనివాళ్ళు ఈలలు వేశారట. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని అన్నాడు. "ఒళ్ళంతా పులకరించిందే నాంచారీ. గుండెకి మాత్రం కబురు అందలేదు. అది దాని మానాన తిరుగుతూనే ఉంది. నాకే సిగ్గేసింది."

వెంట వచ్చిన వదినకి ఒక ఉపాయం తోచింది. అప్పట్నుంచీ ఆమె నాబ్ మీద ఒక కన్నేసి ఉంచింది. టీవీలో కబడ్డీ పోటీ చివరికొస్తే రెండంకెలు పెంచేది. "ఏవండీ, ఉద్వేగపడండి," అనేది. అన్నయ్య పడీపడీ నవ్వేవాడు. కానీ ఆమె రాత్రిళ్ళు ఆయన ఛాతీ మీద తల పెట్టుకోవడం మానేసింది. ఆయన తన మణికట్టు తాను తాకడం మానేశాడు. ఇంటి గుమ్మంలో కొత్త మనిషి ఎవరో కూర్చున్నట్టు ఇద్దరూ దాన్ని తప్పుకుని తిరిగారు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

రెండో నెలలో అన్నయ్య మందగించాడు. పాదాలు వాచాయి. పట్టపగలు కుర్చీలో కునుకు తీసేవాడు. చేతులు చల్లగా ఉండేవి. ఆసుపత్రికి తీసుకొస్తే అంకె తొంభై ఉండేది, అన్నీ సవ్యంగా కనిపించేవి. ఒక పూట అక్కడే ఉంచితే మొహంలో కళ వచ్చేది. ఇంటికి వెళ్ళిన రెండు రోజులకి మళ్ళీ మొదటికే. మూత్రపిండాలు కూడా దెబ్బతినడం మొదలైందని రక్తపరీక్షలో తేలింది.

డాక్టర్ షఫీ నన్ను తన గదికి పిలిచారు. "మీ పెదవులు కారుతున్నాయి మేడమ్. గది నుంచి గదికి రక్తం జారిపోతోంది. ఒకసారి కారుతుంది, ఒకసారి కారదు. అందుకే ఇక్కడ బాగుండి ఇంట్లో పడిపోతున్నారు. శుక్రవారం ఛాతీ తెరిచి దీన్ని తీసేసి పాతరకం సంచి పంపు పెడతాను."

"రెండోసారి తెరిస్తే బతుకుతాడా?"

ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. "సగానికి సగం. బతికినా ఆసుపత్రి మంచం దాటి వెళ్ళలేరు."

"పెదవులు కారడం లేదు డాక్టరు గారూ."

"మీరు లోపలికి వెళ్ళి చూశారా?"

"చూడక్కర్లేదు. కారితే ఇక్కడా కారుతుంది. ఆసుపత్రి గోడలు చూసి పెదవులు బుద్ధిగా మూసుకోవు కదా."

ఆయన నవ్వలేదు. "పందెం మీ యంత్రం మీద కాస్తున్నారా, మీ అన్నయ్య మీద కాస్తున్నారా? శుక్రవారం లోపల ఇంకో కారణం చూపించండి. లేకపోతే నేను కత్తి పడతాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. లోపల ఎక్కడో భయం కూడా వేసింది. నా గుండె అసలుది కాబట్టి దడదడా కొట్టుకుంది. అయినా నా పెదవుల మీద నాకు నమ్మకం చెదరలేదు. వాటిని పెంచింది నేను. కారు తీసుకుని నేరుగా అన్నయ్య ఇంటికి వెళ్ళాను.

హాల్లో అన్నయ్య పడక్కుర్చీలో ఒరిగి ఉన్నాడు. పెదాల రంగు మారింది. నన్ను చూసి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. వదిన కాఫీ తెచ్చింది. నేను ఏడుపు మొహం పెట్టుకుని ఉన్నాననుకుందో ఏమో, ఓదార్చబోయింది.

"నువ్వు దిగులు పడకు నాంచారీ. నువ్వు చేసిన గుండెకి వంక లేదు. ఎంత పొదుపో తెలుసా? మొదట్లో పొద్దున పెట్టిన బ్యాటరీ భోజనాల వేళకే మార్చాల్సి వచ్చేది. ఇప్పుడు దీపాలు పెట్టేదాకా వస్తోంది."

కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. "దీపాలు పెట్టేదాకానా?"

"అవునమ్మా. మీ అన్నయ్య చెయ్యి పడితే ఏ బండైనా మైలేజీ ఇవ్వాల్సిందేగా."

నేను లేచి అన్నయ్య చొక్కా పైకెత్తి బెల్టు చూశాను. పెట్టె మీద నలభై ఎనిమిది.

ఆటోనగర్లో ఒక అలవాటుంది. పొల్యూషన్ చెక్కుకి వెళ్ళేముందు స్క్రూ తిప్పి ఐడిలింగ్, అంటే బండి కదలనప్పుడు ఇంజన్ తిరిగే వేగం, సరిచేస్తారు. సర్టిఫికెట్ చేతికి రాగానే మళ్ళీ పాత చోటికి తిప్పేస్తారు. ఇంజన్ ఆగిపోకుండా ఎంత తక్కువలో తిరిగితే మెకానిక్‌కి అంత పేరు. మా అన్నయ్య తన గుండెకి చేసింది సరిగ్గా అదే.

"ఆసుపత్రికి వచ్చే రోజు తొంభైకి తిప్పుకుని వస్తున్నావా?" అని అడిగాను.

"మరి రానా? మీ డాక్టరు కంగారు మనిషి," అన్నాడు అన్నయ్య కళ్ళు సగం మూసుకునే. "రోజుకి ఒకటి చొప్పున దించుకుంటూ వచ్చా. ఎక్కడా మిస్ కొట్టలేదు. నీకు చెబితే ఒప్పుకోవని, ముప్పై ఐదు దాకా దించి చూపిద్దామనుకున్నా. నీ తర్వాత రోగులకి బ్యాటరీ రోజంతా వస్తుందిగా. నీకే పేరు."

"బుద్ధుందా అన్నయ్యా నీకు? చచ్చిపోతున్నావు! నిమిషానికి రెండున్నర లీటర్లు కూడా రావడం లేదు నీ ఒంటికి!"

"ఏడు లీటర్ల పైనే వస్తోంది. నలభై ఎనిమిది ఇంటూ నూటయాభై. లెక్క రాదా నీకు? మరి కాళ్ళ వాపంటావా, అది నీ పెదవులు కారడం వల్ల. డాక్టరు చెప్పాడు. శుక్రవారం తీసేస్తాడట, తియ్యనీ. మన తగవు కూడా తీరిపోతుంది."

వదిన పళ్ళెం పట్టుకునే నా వైపు తిరిగింది. శుక్రవారం సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు.

నేను అరవాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. ఇన్నేళ్ళుగా అరుస్తూనే ఉన్నాను, ఏం లాభం? గచ్చు మీద కూర్చుని ఆయన ఎడమచెయ్యి పట్టుకున్నాను. మంచుముక్కలా ఉంది. "ఆ చేతి వేళ్ళు ఇలా పెట్టు," అని కుడిచేతి వేళ్ళు తీసి మణికట్టు మీద పెట్టబోయాను.

చెయ్యి లాక్కున్నాడు.

"వద్దే."

"ఎందుకు?"

"వద్దన్నానా!" గోడ వంక చూస్తూ అన్నాడు. "అది నాది కాదే. ముట్టుకుంటే ఎవరిదో నాడి పట్టుకున్నట్టు ఉంటుంది. భయం వేస్తుంది నాకు."

మా అన్నయ్య నోట భయమన్న మాట నేను వినడం అదే మొదటిసారి. వదిన వచ్చి కుర్చీ పక్కన కూర్చుంది. ఆయన కుడిచెయ్యి పట్టుకుని, వేళ్ళు తెచ్చి మణికట్టు మీద ఆనించి, తన చెయ్యి పైన పెట్టింది. ఈసారి లాక్కోలేదు.

"ఇప్పుడు పెట్టె మీద చుక్క చూడు," అన్నాను. "ఒక్కో చుట్టుకి ఒకసారి వెలుగుతుంది. నీ లెక్కన ఆ చుట్టు రోటరుది. అంటే చుక్క ఒకసారి వెలిగేలోపు మూడు గదులు ఖాళీ అవ్వాలి, నీ వేళ్ళ కింద మూడుసార్లు కొట్టాలి. అవునా?"

"అవును," అన్నాడు ఠీవిగా.

చుక్క వెలిగింది. ఆయన వేళ్ళు కదిలాయి. చుక్క ఆరింది.

"ఎన్ని?"

"ఆగు."

మళ్ళీ వెలిగింది. ఆరింది. అన్నయ్య కనుబొమలు ముడిపడ్డాయి. చచ్చుబడిన ఇంజన్ దగ్గర చెవి పెట్టి వినేటప్పుడు ఆయన మొహం అలాగే ఉంటుంది. ఇంకోసారి చూశాడు. ఇంకోసారి.

"ఒకటే," అన్నాడు చివరికి.

"ఆ చుట్టు షాఫ్టుది అన్నయ్యా. సుద్దగుర్తుది కాదు. షాఫ్టు చుట్టుకి ఒక్క గుక్క."

ఆయన వేళ్ళు మణికట్టు మీద నుంచి తియ్యలేదు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఆ రోజు నాన్న చెయ్యి పెట్టమన్నది నిన్ను. నాకు పానా ఇచ్చాడు. నాకు కనిపించింది గుర్తొక్కటే."

"నీకు బలం ఉందని ఇచ్చాడు."

"నన్ను కూడా ఒక్కసారి పెట్టి చూడమని ఉంటే నలభై ఎనిమిదికి వచ్చేవాణ్ణి కాదు కదే." ఆ మాటలో కోపం లేదు. నాకే కళ్ళు నిండాయి. మర్నాడే ఆ పెట్టె మీద షాఫ్టు బొమ్మ చెక్కించాలని అక్కడే అనుకున్నాను.

"వదినా, తిప్పు," అన్నాను. "ఒకేసారి వద్దు. నెమ్మదిగా."

వదిన నాబ్ పట్టుకుంది. యాభై, యాభై ఐదు, అరవై. ఒక్కో మెట్టు దగ్గర ఆగుతూ, ఆయన మొహం చూస్తూ, అన్నం ఉడికిందో లేదో చూసుకున్నంత జాగ్రత్తగా తిప్పింది. డెబ్బై దాటేసరికి ఆయన గోళ్ళకి రంగొచ్చింది. తొంభైకి వచ్చాక నేను డాక్టర్ షఫీకి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. ఆయన అంబులెన్స్ పంపిస్తున్నానని, మూత్రపిండాలు తేరుకునేదాకా తన కళ్ళముందే ఉంచుతానని, శుక్రవారం ఛాతీ తెరిచే పని లేదని చెప్పారు.

"ఇంకో మాట మేడమ్. ఆ నాబ్‌కి తాళం వెయ్యండి," అన్నారు.

"తాళం ఎందుకండీ? మా వదిన ఉంది," అన్నాను.

ఫోన్ పెట్టేసి వచ్చేసరికి అన్నయ్య పడక్కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. మొహంలో పాత పొగరు తిరిగొస్తోంది. "అయినా గదులు మూడేగా?" అన్నాడు నన్ను చూసి.

"మూడే. నేను ఎప్పుడు కాదన్నాను?"

"మరి నూటయాభై అన్న మాట అబద్ధం కాదు."

"రోటరు చుట్టుకి నూటయాభై. షాఫ్టు చుట్టుకి యాభై. దేని చుట్టో చెప్పి అప్పుడు అంకె చెప్పు. నాన్న అదేగా చెప్పింది!"

"అట్లా అన్నావు, బాగుంది," అన్నాడు. మా తగవు చరిత్రలో ఇద్దరం ఒక మాట మీదికి రావడం అదే మొదలు. ఇద్దరికీ కాస్త ఇబ్బందిగా కూడా అనిపించింది.

వదిన ఇవేవీ వినడం లేదు. చాలాకాలం తర్వాత ఆయన ఛాతీకి చెవి ఆనించి కళ్ళు మూసుకుంది. "లబ్ డబ్ అనడం లేదు," అంది. "సన్నగా ఏదో రుబ్బుతున్నట్టుంది. బాగానే ఉంది." కళ్ళ నీళ్ళు ఆయన చొక్కా మీద పడుతున్నాయి. తుడుచుకోలేదు.

అన్నయ్య ఆమె తల మీద చెయ్యి వేశాడు. పైకప్పు వంక చూశాడు.

"సామ్రాజ్యం, ఓ నాలుగు పెంచవే."

ఆమె ఉలిక్కిపడి లేచింది. "ఏమైందండీ? ఆయాసంగా ఉందా?"

"ఆయాసం కాదే పిచ్చిదానా. మామూలు గుండైతే ఈపాటికి దానంతటదే పెరిగేది."

వదిన నాలుగు కాదు, ఆరు పెంచింది.